చెమ్మగోడకు సిమెంటు మందు కాదు

పాత రాతి ఇళ్ళ పునాది గోడ చెమ్మెక్కితే సిమెంటు పూయమంటున్నారు. కూలి డబ్బులు పోసి పూయిస్తాం, పెచ్చులూడిపోతుంది. ఎందుకని? నేల తడి గోడలోకి ఎగబాకుతుంది. సున్నం ఆ తడిని గాలికి వదిలేస్తుంది. సిమెంటు దారి మూసేస్తుంది. ఉప్పు పేరుకుని గోడ గుల్లబారుతుంది. గింజలు బూజుపట్టేది మనకే!

1591 నాటి చార్మినార్ నిలిచింది సున్నం మీదే. కట్టింది కూలీలే.

ముందు గోడ పక్క నీరు పోయేలా కాలవ తీయాలి. సిమెంటు గీకి ఆరనివ్వాలి. నానిన సున్నం 1 వంతు, ఇసుక 3 వంతులు బాగా నూరి పలుచని పొరలుగా పూయాలి. తడి గోనెలు కప్పి నిదానంగా గట్టిపడనివ్వాలి. పైన వెల్ల వేస్తే చాలు, రంగులొద్దు.

సున్నం చేతులు కాలుస్తుంది, కళ్ళు తీస్తుంది. కాబట్టి సున్నప్పనికి తొడుగులూ, నూరే మనిషికి గిట్టుబాటు కూలీ ఇవ్వాల్సిందేనని అడుగుదాం.