ఇంటి రౌటరు – గృహిణి తెలియవలసిన సంగతులు

పిల్లల పాఠములు, బ్యాంకు లావాదేవీలు, వృద్ధుల పింఛను పత్రములు, దూరదేశములందున్న బిడ్డలతోడి ముఖాముఖి సంభాషణము, ఇవన్నియు నేడు పెక్కిండ్లలో గోడకు తగిలించిన యొక చిన్న పెట్టె ద్వారా జరుగుచున్నవి. ఆ పెట్టెయే రౌటరు. ఇంత కార్యభారము వహించు వస్తువును గూర్చి యింటి యిల్లాలికి తెలిసినది మాత్రము మిక్కిలి స్వల్పము. కేబులు మనుష్యుడు వచ్చును, తీగ బిగించును, తన సెల్‌ఫోనులో నేదో నొక్కును, "నెట్టు వచ్చిందమ్మా" యని చెప్పి వెడలిపోవును. వీధితలుపునకు తాళము బిగించినవాడు తాళపుచెవి యొకటి తన జేబులో వేసికొని పోయినచో మన మూరకుందుమా? రౌటరు విషయమున మాత్రము ఊరకుందుము. ఈ పెట్టె పని యెట్టిదో, దాని తాళములెవ్వియో, వానిని మన చేతులతో నెట్లు మార్చుకొనవచ్చునో సోదరీమణులకు వివరించుటయే యీ వ్యాసోద్దేశము.

తీగ వచ్చు త్రోవ

మన దేశమున 1990వ దశకమున కేబులు టెలివిజను వీధివీధికి వ్యాపించినది. ఆ రాగితీగ మీదనే అంతర్జాలమును గూడ పంపుటకు 1997లో అమెరికాలో 'డాక్సిస్' అను నిబంధనావళి యేర్పడినది. ఒకే తీగలో టెలివిజను, అంతర్జాలము వేర్వేరు పౌనఃపున్యములపై ఒకదానినొకటి తాకక ప్రయాణించును. పిమ్మట గాజుతీగ వచ్చినది. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమున, విద్యుత్ స్తంభములమీదుగా గాజుతీగను లాగి, ఊళ్లలోని కేబులు ఆపరేటర్ల ద్వారానే టెలివిజను, టెలిఫోను, అంతర్జాలము మూడింటిని ఇండ్లకు చేర్చిరి. కావున మన యింటికి వచ్చు తీగ రాగిదైనను గావచ్చును, గాజుదైనను గావచ్చును.

గాజుతీగలోని పోగు వెండ్రుకవలె సన్ననిది. దానిని మడిచి మేకునకు చుట్టినచో వెలుగు తెగిపోవును. ఊడిన కొనను కంటి కెదురుగ బెట్టుకొని చూడరాదు. అందలి లేజరు వెలుగు కనులకు గనబడదు గాని హాని చేయగలదు. ఈ మాట పిల్లలకు ముందుగనే చెప్పి యుంచవలెను.

తీగ తెచ్చిన సంకేతమును కంప్యూటర్లకు అర్థమగునట్లు మార్చునది మోడెము. గాజుతీగ యైనచో ఆ పనిచేయు పెట్టెకు 'ఓ.ఎన్.యు.' అని పేరు. అట్లు వచ్చినదానిని ఇంటిలోని ఫోనులకు, కంప్యూటర్లకు, టెలివిజనుకు పంచిపెట్టునది రౌటరు. ఇపుడు పెక్కిండ్లలో ఈ రెండును ఒకే పెట్టెలో నిమిడియుండును.

ఎచ్చట నుంచవలెను?

రౌటరును ఇంటి నడుమ, మనిషి యెత్తునకు దగ్గరగ నుంచుట మేలు. ఇనుప బీరువా వెనుకను, ఫ్రిజ్ ప్రక్కను, నీటితొట్టి చెంతను ఉంచినచో తరంగములు అచ్చటనే యడ్డగింపబడును. రౌటరు సాధారణముగ 2.4, 5 గిగాహెర్ట్జ్ అను రెండు పౌనఃపున్యములపై పనిచేయును. మొదటిది గోడలు దాటి దూరము పోవును గాని వేగము తక్కువ. రెండవది వేగవంతము గాని గోడ దాటునప్పటికి బలహీనమగును. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి యించుమించు 2.45 గిగాహెర్ట్జ్ మీదనే పనిచేయుటచేత, కూర వేడిచేయునపుడు చేరువనున్న ఫోనులో మాట తెగుట కలదు. అది యెవరి దోషమును గాదు. పెట్టెను వంటింటికి దూరముగ జరిపిన చాలును. అందముకొఱకు దానిపై గుడ్డ కప్పరాదు. వేడిమి పోవుటకు గాలి యాడవలెను.

తీగలు, దీపములు

మోడెము, రౌటరు వేఱువేఱుగ నున్నచో, రౌటరు వెనుక వేఱు రంగులో నుండు 'వ్యాన్' అను రంధ్రమునకు మోడెమునుండి వచ్చు తీగను తగిలింపవలెను. తక్కినవి 'ల్యాన్' రంధ్రములు; అవి యింటిలోని కంప్యూటర్లకు. మొదట మోడెమునకు కరెంటు ఇచ్చి, రెండు మూడు నిమిషములు తాళి, పిమ్మట రౌటరునకు ఈయవలెను. ఓ.ఎన్.యు. పై 'లాస్' అని వ్రాసియున్న చోట ఎఱ్ఱదీపము వెలుగుచున్నచో తీగలో వెలుగు రాకున్నదని యర్థము. అపుడు రౌటరుతో కుస్తీపట్టి ప్రయోజనము లేదు. ఆపరేటరునకు కబురు పంపవలెను.

రెండు తాళపుచెవులు

ముఖ్యమైన సంగతి యిక్కడ నున్నది. రౌటరునకు పాస్‌వర్డులు రెండు. ఒకటి వైఫై పాస్‌వర్డు. చుట్టములు వచ్చినపుడు అడుగునది యిదియే. రెండవది నిర్వహణ పాస్‌వర్డు. రౌటరు లోపలికి బోయి మార్పులు చేయుటకు ఉపయోగించునది. మొదటిది వీధితలుపు తాళపుచెవి, రెండవది తాళములనే మార్పగల తాళపుచెవి. చాలమందికి రెండవది గలదనియే తెలియదు.

పెట్టె వెనుక నంటించిన కాగితమును చూడుడు. అందు వైఫై పేరు, పాస్‌వర్డు, 192.168.1.1 వంటి యొక చిరునామా, నిర్వహణకు వలసిన పేరు, పాస్‌వర్డు అచ్చువేసి యుండును. ఫోనును ఆ వైఫైకి కలిపి, బ్రౌజరులో ఆ చిరునామాను టైపుచేసినచో రౌటరు పుట తెఱచుకొనును. అచ్చట వరుసగ నాలుగు పనులు చేయవలెను.

మొదటిది, నిర్వహణ పాస్‌వర్డును మార్చుట. రెండవది, వైఫై పేరును, పాస్‌వర్డును మార్చుట. పేరులో ఇంటిపేరు, తలుపు నంబరు ఉంచరాదు. పాస్‌వర్డు 8 అక్షరములకు తగ్గరాదు, 63 వఱకు ఉండవచ్చును. ఫోను నంబరు, పిల్లల పేరు పనికిరావు. పొంతనలేని నాలుగు మాటలను గూర్చుకొన్నచో జ్ఞాపకముండును, ఇతరులకు దొరకదు. మూడవది, రక్షణ విధానమున 'డబ్ల్యు.పి.ఎ. 3' గాని, అది లేనిచో 'డబ్ల్యు.పి.ఎ. 2' గాని యెన్నుకొనుట. నాలుగవది, 'డబ్ల్యు.పి.ఎస్.' అను సులభప్రవేశమును ఆపివేయుట. అందు లోపమున్నదని 2011లోనే బయటపడినది. 'గెస్టు' అను అతిథుల వైఫై యున్నచో వచ్చిపోవువారికి అదియే యియ్యవచ్చును. పాస్‌వర్డు మార్చిన వెంటనే ఇంటిలోని సాధనములన్నియు విడిపోవును. భయపడ నక్కఱలేదు, క్రొత్త పాస్‌వర్డుతో ఒక్కొక్కదానిని మరల కలుపుకొనవలెను.

ఇంత జాగ్రత్త యేల?

2016లో 'మిరాయ్' అను దుష్టప్రోగ్రాము, కర్మాగారమున పెట్టిన పాస్‌వర్డులు మార్చని కెమెరాలలోను, రౌటర్లలోను ప్రవేశించినది. దానియొద్ద నున్న ఆయుధము 60కి పైగా మామూలు పేర్లు, పాస్‌వర్డులు గల జాబితా మాత్రమే. ఆ యింటివారికి తెలియకయే వారి పెట్టెలు సైన్యమై, అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసినవి.

మన దేశముననే మఱియొకటి జరిగినది. 2008 జూలై 26న అహమ్మదాబాదు ప్రేలుళ్లకు కొలది నిమిషములు ముందు వార్తాసంస్థలకు వచ్చిన బెదరింపు ఈ-మెయిలు, నవీ ముంబయిలోని యొక యింటి వైఫై మీదుగా పోయినట్లు తేలినది. పోలీసులు మొట్టమొదట ఆ యింటి తలుపే తట్టిరి. తీగ యెవరి పేర నున్నదో వారే ముందుగ సమాధానము చెప్పవలసియుండును గదా!

చెవి యెవరి చేతిలో?

కొందఱు ఆపరేటర్లు నిర్వహణ పాస్‌వర్డును తమయొద్దనే యుంచుకొందురు. అట్టిచో వైఫై పాస్‌వర్డునైన మీ యెదుటనే, మీరు చెప్పిన మాటతో మార్పుమని యడుగుడు. సంకోచింప బనిలేదు. పెట్టెకు చిన్న రంధ్రములో 'రీసెట్' మీట యుండును. సూదితో పది సెకనులు నొక్కినచో పాస్‌వర్డులన్నియు మొదటి స్థితికి పోవును; ఆపరేటరు పెట్టిన కనెక్షను వివరములును దానితో చెరిగిపోవచ్చును. వానిని ముందుగ వ్రాసికొనక ఆ మీట జోలికి పోరాదు.

మఱియొక మాట. రౌటరు తాళము ఎంత గట్టిదైనను, బ్యాంకువారమని ఫోను చేసిన మోసగానికి మనమే ఓ.టి.పి. చెప్పినచో అది కాపాడజాలదు. అట్టి మోసము జరిగినచో సిగ్గుపడి దాచక, తత్‌క్షణము 1930 నంబరునకు ఫోను చేయవలెను.

ఇంటి పాస్‌వర్డు పురుషులకో, కాలేజీ చదువు కుఱ్ఱవానికో మాత్రమే తెలిసియుండుట పెక్కిండ్లలో ఆచారమైనది. వారు ఊర లేని దినమున, అమ్మాయి పరీక్ష దరఖాస్తునకు తుదిగడువు వేళ, పెట్టె మూగవోయినచో ఇల్లాలు ఎవరి ముఖము చూడవలెను? పాలపద్దు, సరకుల లెక్క వ్రాయు చేతితోనే ఈ రెండు పాస్‌వర్డులను, ఆపరేటరు ఫోను నంబరును, కనెక్షను సంఖ్యను ఒక పుస్తకమున వ్రాసి బీరువాలో భద్రపఱచుకొనుడు. వానిని పెద్దకూతురునకు, కోడలికి గూడ తెలుపుడు. ఇంగ్లీషు చదువు తక్కువయని వెనుదీయ వలదు. అచ్చువేసిన నాలుగక్షరములు చూచి టైపుచేయగల వారెల్లరు చేయగల పని యిది. పట్టు కాలము అరగంట. రేపో మాపో తీరిక దొరికిన మధ్యాహ్నమున, పెట్టె వెనుకనున్న ఆ కాగితమును ఒక్కసారి త్రిప్పి చూడవలసినదిగ సోదరీమణులను కోరుచున్నాను.