మేస్త్రీ మాట నుంచి ఫోన్ మెసేజీ దాకా: ఇప్పుడు ఉద్యోగంలోకి ఎట్లా తీసుకుంటున్నారు?

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, నందవరం వైపు కుటుంబాల కోసం

మీ ఇంట్లో పదో తరగతి, ఇంటర్, ఐటీఐ, డిగ్రీ చదివి పని వెతుక్కుంటున్న పిల్లలు ఉన్నారా? ఏటా సుగ్గికి పోయి వచ్చేవాళ్లు ఉన్నారా? అయితే ఈ సమాచారం మీకే. ముందుగా రెండు మాటలు గుర్తు పెట్టుకోండి.

ఒకటి: ఉద్యోగం ఇచ్చేవాళ్లు మీ దగ్గర డబ్బు తీసుకోరు.
రెండు: చేతిలో కాగితం లేకుండా పనిలో చేరకండి.

మిగతాదంతా ఈ రెండు మాటలకు వివరణే.

ఏం మారింది?

మన వైపు పనిలోకి తీసుకోవడం చాలాకాలం మనిషి మాట మీదనే నడిచింది. ఆదోనిలో జిన్నింగు, నూనె మిల్లులకు అప్పటికే అక్కడ పనిచేస్తున్న చుట్టం చెబితే తీసుకునేవారు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టారు. మగ్గం పని ఇంట్లోనే పెద్దల నుంచి పిల్లలకు వచ్చేది. సుగ్గి సంగతి మీకు తెలిసిందే. మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, మనుషులను లెక్కపెట్టుకుని, గుంటూరు మిరపకాయల కోతకో బెంగళూరు కట్టడాల పనికో తీసుకుపోతాడు.

ఇప్పుడు కంపెనీల పద్ధతి వేరు. నాలుగు మార్పులు గమనించండి.

1. మొదటి వడపోత ఫోన్‌లోనే జరుగుతుంది. పేరు, చదువు, ఊరు ఆన్‌లైన్‌లో నింపాలి. తర్వాత ఒక కాల్ వస్తుంది, కొన్నిసార్లు వీడియో కాల్‌లోనే ఇంటర్వ్యూ అయిపోతుంది.
2. సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. "ఏ పని చేయగలవు?" అని అడుగుతున్నారు. కుట్టుమిషను, వెల్డింగు, కంప్యూటర్‌లో టైపు, డ్రైవింగు, ఏదైనా చేసి చూపించమంటారు.
3. చాలా చోట్ల కంపెనీ నేరుగా తీసుకోదు, మధ్యలో ఒక ఏజెన్సీ ఉంటుంది. పని కంపెనీలో, జీతం ఏజెన్సీ నుంచి.
4. కొందరిని ముందు అప్రెంటిస్‌గా తీసుకుని, పని నచ్చితే ఉద్యోగిగా మారుస్తున్నారు. 2016 నుంచి నడుస్తున్న జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద ఆ స్టైపెండులో 25 శాతం, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయలు కేంద్రం భరిస్తుంది.

మీ పేరు ఎక్కడ ఉండాలి?

గ్రామ, వార్డు సచివాలయం: 2025లో సిబ్బంది కౌశలం సర్వే చేశారు. చదువు, వచ్చిన భాషలు, ఫోన్ నంబరు, సర్టిఫికెట్లు అందులో నమోదయ్యాయి. మీరు అప్పుడు సుగ్గికి పోయి ఉంటే మీ పేరు అందులో ఉందో లేదో సచివాలయంలో అడగండి.

నైపుణ్యాభివృద్ధి సంస్థ: రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు పెడుతుంది. ఒకే చోటికి పలు కంపెనీలు వస్తాయి. నైపుణ్యం పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. నమోదుకు గానీ మేళాకు గానీ రుసుము లేదు.

జాతీయ కెరీర్ సర్వీసు: కేంద్ర కార్మిక శాఖ నడిపే ఈ పోర్టల్‌లో ఇతర రాష్ట్రాల ఖాళీలూ కనిపిస్తాయి. సహాయానికి ఉచిత నంబరు 1514.

దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన: గ్రామీణ పేద యువతకు ఉచిత శిక్షణ, ఆ తర్వాత ఉద్యోగం చూపించడం దీని పని. వయసు 35 ఏళ్లలోపు, మహిళలకు, దివ్యాంగులకు 45 దాకా. మన రాష్ట్రంలో దీన్ని సీడాప్ అమలు చేస్తుంది.

పోయేముందు ఇవి సరిచేసుకోండి

ఎంపికయ్యాక కూడా కాగితాల దగ్గర ఆగిపోయేవాళ్లు ఉన్నారు. కారణాలు చిన్నవే, నష్టం పెద్దది.

• ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ, పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉన్నా పీఎఫ్ దగ్గర ఇబ్బంది వస్తుంది.
• ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు మీ చేతిలో ఉన్నదే అయి ఉండాలి. సుగ్గికి పోయినచోట కొత్త సిమ్ తీసుకుని పాతది వదిలేస్తే ఓటీపీ రాదు. కంపెనీ కాల్ కూడా పాత నంబరుకే పోతుంది.
• బ్యాంకు ఖాతా మీ పేరు మీద ఉండాలి, ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి. అన్న ఖాతా, మామ ఖాతా ఇస్తే జీతం చిక్కుల్లో పడుతుంది.
• సర్టిఫికెట్లన్నీ ఫోటో తీసి ఫోన్‌లో ఒకచోట పెట్టుకోండి. అసలు కాగితాలు ఎవరికీ వదిలిపెట్టి రాకండి.

బయోడేటాలో ఏం రాయాలి?

ఒక్క పేజీ చాలు. మనవాళ్లు వదిలేసేవి రెండు ఉన్నాయి.

మొదటిది భాషలు. ఆదోని వైపు తెలుగుతో పాటు కన్నడ మాట్లాడేవాళ్లు, ఉర్దూ, హిందీ వచ్చినవాళ్లు చాలామంది. బళ్లారి, రాయచూరు, బెంగళూరు కంపెనీలకు కన్నడ వచ్చిన మనిషి కావాలి. అది మీ అర్హతే, రాయండి.

రెండోది చేసిన పని. "పదో తరగతి తర్వాత ఖాళీ" అని రాయకండి. జిన్నింగు మిల్లులో మిషను దగ్గర పనిచేశారా? మార్కెట్ యార్డులో తూకం లెక్కలు రాశారా? సుగ్గిలో పదిమంది కూలి లెక్క మీరే చూశారా? ఎన్ని నెలలు చేశారో వేసి అదే రాయండి.

మేళాలో మీరు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

ఇంటర్వ్యూలో వాళ్లు మాత్రమే అడగాలని ఏమీ లేదు. మర్యాదగా మీరూ అడగవచ్చు.

1. నా జీతం ఎవరి పేరుతో పడుతుంది, కంపెనీదా ఏజెన్సీదా?
2. కోతలు పోను చేతికి ఎంత వస్తుంది?
3. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా?
4. పని ఎన్ని గంటలు, రాత్రి షిఫ్టు ఉందా? ఆడపిల్లలకు వాహనం ఉందా?
5. గది, భోజనం కంపెనీదా, మాదా?

రెండో ప్రశ్న ఎందుకంటే, "ప్యాకేజీ" వేరు, చేతికి వచ్చేది వేరు. ఉదాహరణకు మీ వేతనం 15,000 రూపాయలు అనుకుందాం. మీ వాటా పీఎఫ్ 12 శాతం అంటే 1,800. ఈఎస్ఐ 0.75 శాతం అంటే 113. చేతికి వచ్చేది 13,087. యజమాని కట్టే వాటా కూడా కలిపి చెబితే అదే ఉద్యోగం 17,000 పైచిలుకు ప్యాకేజీగా వినిపిస్తుంది. ఇది మోసం కాదు. కానీ బెంగళూరులో గది అద్దె, భోజనం లెక్క 13,087 మీద వేసుకోండి, 17,000 మీద కాదు.

కోత పడిన పీఎఫ్ ఎక్కడికీ పోదు. అంతే మొత్తం యజమాని కూడా కడతాడు, అందులో కొంత పింఛనుకు పోతుంది. కంపెనీ మారినా పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి, కొత్తది తీసుకోకండి. పీఎఫ్‌లో నమోదైన ఫోన్ నుంచి 99660 44425కు మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజీ వస్తుంది.

మొదటిసారి చేరేవాళ్లకు 15,000 దాకా

కేంద్రం తెచ్చిన ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య వచ్చే ఉద్యోగాలకు వర్తిస్తుంది. మొదటిసారి పీఎఫ్‌లో చేరేవాళ్లకు ఒక నెల వేతనం, గరిష్ఠంగా 15,000 రూపాయలు, రెండు విడతల్లో ఇస్తారు. మొదటి విడత ఆరు నెలలు పనిచేశాక. రెండో విడత పన్నెండు నెలలు పూర్తయి, ఆర్థిక అక్షరాస్యత శిక్షణ ముగించాక. ఇందులో కొంత భాగం పొదుపు కింద ఉంచుతారు. వేతనం నెలకు లక్ష రూపాయలలోపు ఉండాలి.

డబ్బు ఆధార్ అనుసంధానమైన ఖాతాలోనే పడుతుంది. పైన ఖాతా గురించి చెప్పింది అందుకే. మూడు నెలలకే పని వదిలి ఊరికి వచ్చేస్తే మొదటి విడత కూడా రాదు. కొత్తగా మనుషులను తీసుకునే యజమానికి కూడా ఈ పథకం కింద ఒక్కో అదనపు ఉద్యోగికి నెలకు 3,000 దాకా ప్రోత్సాహం ఉంది. అందుకే మీ పేరును పీఎఫ్‌లో చూపించడం యజమానికీ లాభమే. ఆ మాట మీరు ధైర్యంగా అడగవచ్చు.

కాగితం ఎందుకు?

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం కార్మికులకు నియామక పత్రం ఇవ్వాలి. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. మానేసినా, తీసేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థ బాధ్యత వహించాలి. అయితే మీరు అక్కడ పనిచేశారని చూపించాలి కదా! నియామక పత్రం, హాజరు కార్డు ఫోటో, జీతం పడిన మెసేజీ, ఇవే మీ సాక్ష్యం.

సుగ్గికి పోయేవాళ్లు కూడా మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎంత, రోజు కూలి ఎంత, యజమాని పేరు, ఊరు ఒక చీటీ మీద రాయించుకుని ఫోటో తీసుకోండి. పోయినచోట రేషన్ ఆపుకోవద్దు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిలో వేరే రాష్ట్రంలోనూ ఆహార భద్రత బియ్యం తీసుకోవచ్చు.

మోసం గుర్తులు

• రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫారం డబ్బు, ల్యాప్‌టాప్ డిపాజిట్ అంటూ ముందే ఫోన్‌పేలో పంపమనడం.
• ఇంటర్వ్యూ లేకుండానే వాట్సాప్‌లో ఆఫర్ లెటర్.
• "ఈరోజే చేరాలి, సీట్లు అయిపోతాయి" అని తొందరపెట్టడం.
• విజిటింగ్ వీసా మీద విదేశీ ఉద్యోగం. డేటా ఎంట్రీ అని కంబోడియాకు పంపి సైబర్ మోసాలు చేయించిన ముఠా గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు రట్టు చేశారు. అక్కడ చిక్కుకున్నవాళ్లలో మన రాష్ట్ర యువకులే ఉన్నారు.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈ వారంలో చేయాల్సినవి

☐ ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు ఉందో చూసుకోండి.
☐ ఆధార్, పదో తరగతి మెమో పక్కపక్కన పెట్టి పేరు, తేదీ సరిచూడండి.
☐ సచివాలయంలో మీ కౌశలం నమోదు అడగండి.
☐ ఒక్క పేజీ బయోడేటా రాసి, భాషలు, చేసిన పని చేర్చండి.

ప్రభుత్వ సేవల కోసం మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009 ఫోన్‌లో దాచుకోండి. సుగ్గిలో ఉన్న మీవాళ్లకు కూడా ఈ పీడీఎఫ్ పంపండి. చదవలేని పెద్దలకు మీరే చదివి వినిపించండి.