సైనికుని కాగితములు

సికిందరాబాదు రైలు స్టేషనులో నల్లని ఇనుప పెట్టెతో, భుజమున వ్రేలాడు సంచితో ఒక మనుష్యుడు బండి దిగును. తల వెండ్రుకలు పొట్టిగా కత్తిరింపబడియున్నవి. నడకలో తొట్రుపాటు లేదు. అతడు పదునేడు సంవత్సరములు సైన్యమున పనిచేసి, సేవాకాలము ముగించుకొని, స్వగ్రామమైన కాజీపల్లికి మరలి వచ్చుచున్న హవల్దారు అనుకొనుడు. పెట్టెను కూలివాని నెత్తిమీద పెట్టుట కతడు ఒప్పుకొనును గాని, సంచిని మాత్రము ఎవరి చేతికిని ఈయడు. పెట్టెలో బట్టలున్నవి; సంచిలో కాగితములున్నవి. ఇకమీదట అతని సంసారము చాలవరకు ఆ కాగితముల మీదనే నడువవలసియున్నది.

కాజీపల్లి సంగారెడ్డి జిల్లాలోని గ్రామము. ఒకప్పుడిచట చెరువులు, పొలములు, మోదుగు చెట్లు జనుల జీవనమునకు ఆధారములు. తరువాతి కాలమున పటాన్‌చెరు, బొల్లారము, కాజీపల్లి పరిసరములందు ఔషధముల కర్మాగారములును, రసాయనముల కర్మాగారములును వెలసినవి. ఇదే జిల్లాలోని ఎద్దుమైలారమున 1984లో స్థాపింపబడిన కర్మాగారమున సైన్యమునకు కావలసిన ‘శరత్’ అను యుద్ధ శకటములు తయారగుచున్నవి. పటాన్‌చెరుకు సమీపమందలి భానూరులో భారత్ డైనమిక్స్ సంస్థవారి కర్మాగారము కలదు. సరిహద్దున ఆ శకటమును నడిపిన సైనికుడు, ఇంటికి వచ్చిన పిమ్మట, దానిని తయారు చేయు కర్మాగారమున ఉద్యోగమునకై దరఖాస్తు పెట్టుకొనుట ఈ ప్రాంతమున సంభవింపగల విషయమే. కాని ఆ ద్వారము దాటుటకు శౌర్యము చాలదు. తగిన కాగితము, తగిన తేదీలోపల ఉండవలెను.

సైనిక సేవ ముగిసిన తరువాత కలుగు ఈ చిక్కు ఒక్క మన దేశమునకే పరిమితము కాదు. కొన్ని దేశములందు యువకులు నిర్ణీత వయస్సు రాగానే సైన్యమున చేరి తీరవలెను. దక్షిణ కొరియాలో పదాతిదళమున చేరినవారు 18 నెలలు పనిచేయవలెను. సింగపూరులో 1967లో చేయబడిన శాసనము ననుసరించి యువకులు రెండు సంవత్సరములు సేవ చేయుదురు. అచట స్థిరనివాసము పొందిన తెలుగు కుటుంబముల కుమారులును ఇందుకు లోబడినవారే. రెండేండ్లు ముగియుటతో వారి బాధ్యత తీరిపోదు. సాధారణ సైనికులు నలువది సంవత్సరముల వయస్సు వరకును, అధికారులు ఏబది సంవత్సరముల వయస్సు వరకును, పిలుపు వచ్చినపుడు శిక్షణకు హాజరు కావలెను. కళాశాలలో ప్రవేశము, ఉద్యోగములో చేరు దినము, విదేశ ప్రయాణము — ఇవన్నియు ఆ పిలుపునకు అనుగుణముగా సర్దుకొనవలసినవే. బ్రిటనులో రెండవ ప్రపంచ యుద్ధము తరువాత అమలులోనుండిన నిర్బంధ సేవకు చివరి పిలుపులు 1960లో పంపబడినవి. చివరి సైనికులు 1963లో విడుదలైరి.

భారతదేశమున నిర్బంధ సైనిక సేవ లేదు. ప్రజాప్రయోజనము కొఱకు నిర్బంధ సేవను విధించు అధికారమును రాజ్యాంగములోని 23వ అధికరణము ప్రభుత్వమున కిచ్చినది. అట్లు విధించునపుడు మతమును, జాతిని, కులమును, వర్గమును మాత్రమే కారణముగా గొని భేదము చూపరాదని కూడ ఆ అధికరణమే శాసించుచున్నది. అయినను సైన్యమున చేర్చుకొనుటకు మన ప్రభుత్వము ఆ అధికారమును ఉపయోగింపలేదు. మన సైనికులందరును స్వచ్ఛందముగా చేరినవారే. కాని చేరుట ఇచ్ఛాధీనమైనను, బయటికి వచ్చుట నియమాధీనము.

హవల్దారు సంచిలో నున్న కాగితములలో ముఖ్యమైనది డిశ్చార్జి పుస్తకము. అతడు ఏ తేదీన చేరెను, ఏ తేదీన విడుదలయ్యెను, ఏ పని నేర్చెను, నడవడి ఎట్టిది, భార్యాబిడ్డల పేర్లేవి — ఇవన్నియు అందు వ్రాయబడియుండును. రెండవది పింఛను చెల్లింపు ఉత్తరువు; దీనినే వాడుకలో పి.పి.ఓ. అందురు. సాధారణ సైనికునకు సేవా పింఛను రావలెనన్న కనీసము పదునైదు సంవత్సరములు పనిచేసియుండవలెను. ఈ పింఛను లెక్కలను ప్రయాగరాజులోని రక్షణశాఖ పింఛనుల కార్యాలయము చూచుచున్నది. మాజీ సైనికుల వైద్యము కొఱకు 2003 ఏప్రిల్ 1వ తేదీన ప్రారంభింపబడిన పథకమునకు సంబంధించిన కార్డు వేరొకటి. మాజీ సైనికుడని తెలుపు గుర్తింపు కార్డును జిల్లా సైనిక సంక్షేమాధికారి ద్వారా పొందవలెను.

ఈ వివరములకెల్ల మూలమైన దస్తావేజులు గ్రామములో నుండవు, జిల్లాలో నుండవు. సైన్యములోని ప్రతి శాఖకును ఒక రికార్డుల కార్యాలయము కలదు. ఫిరంగిదళము వారిది నాసిక్‌లోను, సిగ్నల్సు శాఖ వారిది జబల్‌పూరులోను ఉన్నవి. వాహనములను, యంత్రములను మరమ్మతుచేయు ఈ.ఎం.ఈ. శాఖ వారిది సికిందరాబాదులోనే యున్నది. కావున కాజీపల్లిలో ప్రక్కప్రక్క ఇండ్లలో నుండు ఇద్దరు మాజీ సైనికులలో ఒకడు ఉదయము బస్సెక్కి వెళ్లి సాయంకాలమునకు పని ముగించుకొని రాగా, రెండవవాడు నాసిక్‌కు ఉత్తరము వ్రాసి జవాబు కొఱకు ఎదురుచూచుచుండవచ్చును.

తెలుగు సైనికునకు తరచుగా ఎదురగు చిక్కు పేరులోనే యున్నది. తెలుగువారికి ఇంటిపేరు ముందు వచ్చును. పాఠశాల ధ్రువపత్రములో అది ఒక్క అక్షరముగా నుండును. సైన్యమున చేరునపుడు పూర్తిపేరు వ్రాయుమనగా, ఆ అక్షరము విప్పబడి ఇంటిపేరు చివరకు పోవచ్చును. ఆధారు కార్డులో అది మరల ముందుకు రావచ్చును. భార్య పేరు ఇంటిలో లక్ష్మమ్మ, రేషను కార్డులో లక్ష్మి, డిశ్చార్జి పుస్తకములో లక్ష్మీదేవి అయినయెడల, ఊరివారందరికిని ఆమె ఒక్కతెయే. కార్యాలయమునకు మాత్రము ముగ్గురు. సైనికుడు జీవించియున్నంతకాలము ఈ భేదము కనబడకపోవచ్చును. అతడు మరణించిన పిదప ఆమె కుటుంబ పింఛను కోరినపుడు అది ఎదుట నిలుచును. దుఃఖములో నున్న స్త్రీ ప్రమాణపత్రములు పట్టుకొని కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును. కావుననే వివాహము, సంతానము, పేరు మార్పు మొదలగు విషయములను సేవలో నున్నపుడే పార్ట్-2 ఆర్డరు ద్వారా నమోదు చేయించుకొనవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. తప్పు నొకదానిని సేవలో నున్నపుడు సరిచేయుట సులభము. బయటికి వచ్చిన తరువాత కష్టము. తాను లేని తరువాత మిక్కిలి కష్టము.

పేరు తరువాత చిక్కు తెచ్చునది తేదీ. హవల్దారు 19వ ఏట చేరి, 17 సంవత్సరములు పనిచేసి, 36వ ఏట బయటికి వచ్చెను. ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమునకు గరిష్ఠ వయస్సు 27 సంవత్సరములని ప్రకటన వెలువడినది. తొలిచూపులో అతనికి అర్హత లేదనిపించును. కాని నియమము ప్రకారము అతని వయస్సునుండి సైనిక సేవాకాలమును తీసివేయవలెను. 36 నుండి 17 తీసివేయగా 19 మిగులును. అట్లు మిగిలినది గరిష్ఠ వయస్సును మూడేండ్లకు మించి దాటకుండిన చాలును. అనగా అతనికి మిగులు సంఖ్య 30 వరకు అవకాశమున్నది. ఈ లెక్క తెలియని కారణమున దరఖాస్తు పెట్టక ఊరకుండువాడు తన హక్కును తానే పోగొట్టుకొనును.

కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో గ్రూపు-సి ఉద్యోగములందు నూటికి 10, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలలో నూటికి 14.5 చొప్పున మాజీ సైనికులకు ప్రత్యేకింపబడియున్నవి. సేవ ముగియుటకు ఒక సంవత్సరము మిగిలియుండగనే సైనికుడు ఇట్టి ఉద్యోగములకు దరఖాస్తు చేయవచ్చును. అందుకు తన అధికారినుండి ధ్రువపత్రము కావలెను. ఇంకొక నియమము కలదు. ఒకసారి ఈ ప్రత్యేకింపు వలన ప్రభుత్వోద్యోగమున చేరినవానికి మరల అదే సౌకర్యము సాధారణముగా దొరకదు. కాని చేరుటకు పూర్వమే వేరు ఉద్యోగములకు దరఖాస్తు పెట్టియుండి, చేరిన వెంటనే ఆ దరఖాస్తుల వివరములను తేదీలతో సహా క్రొత్త యజమానికి వ్రాసియిచ్చినయెడల, వానియందు అవకాశము నిలుచును. ఒక్క పుట జాబితా వ్రాయనందున మేలైన ఉద్యోగము చేజారిపోవచ్చును.

ఇప్పుడు హవల్దారు మొదటి నెలలను ఊహింపుడు. ఉద్యోగపు దరఖాస్తునకు గడువు వారములో ముగియును. అదే వారమున గుర్తింపు కార్డునకై సంగారెడ్డి పోవలెను. వైద్యపు కార్డు పనిమీద సికిందరాబాదు పోవలెను. బ్యాంకులో ఖాతా సరిచేసికొనవలెను. జూను నెల గనుక పిల్లలను క్రొత్త పాఠశాలలో చేర్పింపవలెను. పాఠశాలవారు పాత ఊరి బదిలీ పత్రము నడుగుదురు. ఆ ఊరు వేయి మైళ్ల దూరమున నుండవచ్చును. సైన్యమున ఏ దినమున ఎచట నుండవలెనో ఒక ఆజ్ఞ తెలిపెడిది. ఇచట ఆజ్ఞాపించువారు లేరు. తన కాలమును తానే పంచుకొనవలెను. మందుపాతరల నడుమ నిబ్బరముగా నడిచినవాడు సైతము ఒక గవాక్షము నుండి మరియొక గవాక్షమునకు పంపబడునపుడు మనస్సున క్రుంగుట కలదు.

అట్టివానికి తోడ్పడుటకే సంస్థలేర్పడినవి. దేశమంతటికిని కేంద్రీయ సైనిక బోర్డును, దాని క్రింద రాష్ట్రములందును జిల్లాలందును సైనిక సంక్షేమ కార్యాలయములును పనిచేయుచున్నవి. సైనికులకు క్రొత్త వృత్తులలో శిక్షణ నిచ్చుటకు పునరావాస డైరెక్టరేటు కలదు. 1949 నుండి ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీన సాయుధ దళముల పతాక దినము జరుపబడుచున్నది. ఆ దినమున విద్యార్థులు కొను చిన్న పతాకమునకు ఇచ్చు సొమ్ము సైనిక కుటుంబముల సంక్షేమమునకు చేరును.

2022 జూన్ 14వ తేదీన ప్రకటింపబడిన అగ్నిపథ పథకముతో ఈ విషయమునకు క్రొత్త ప్రాముఖ్యము కలిగినది. ఈ పథకమున చేరిన అగ్నివీరుల సేవాకాలము నాలుగు సంవత్సరములు. వారిలో నూటికి 25 మందికి మించకుండ సైన్యమున నిలుపుకొందురు. తక్కినవారు వ్యాజ్యముతో కాదు, వయస్సుతో పోటీపడుచు, ఇరువది, ఇరువదియైదు ఏండ్ల నడుమనే ఇంటికి మరలుదురు. వారికి వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి లభించునని పథకమున చెప్పబడినది; పింఛను మాత్రము లేదు. పదునేడేండ్ల హవల్దారునకు పింఛను ఊతగా నుండగా, అగ్నివీరునకు తన ధ్రువపత్రములును, తాను నేర్చిన పనియును, గడువు దాటనీయని మెలకువయును ఊతలు కావలసియున్నవి.

ఇన్ని కాగితము లెందుకని ఎవరైన అడుగవచ్చును. ఊరిలో మనిషిని ముఖము చూచి గుర్తింతురు. ప్రభుత్వము కోట్లమందిని ముఖము చూచి గుర్తింపజాలదు. వ్రాతను చూచి గుర్తించును. వ్రాత లేనిచో ఒకని హక్కును వేరొకడు అపహరింపవచ్చును. కాగితము అర్హుని కాపాడుటకు పుట్టినది. అది అర్హునకే అడ్డుగోడ కాకుండ చూచుట కార్యాలయములలో కూర్చుండువారి ధర్మము. దానిని సరిగా ఉంచుకొనుట సైనికుని ధర్మము.

ఇందు పిల్లలకును కొంత పని కలదు. పింఛను పొందువారు సంవత్సరమునకు ఒకసారి తాము జీవించియున్నట్లు ధ్రువపత్రము సమర్పింపవలెను. లేనిచో పింఛను నిలిచిపోవును. 2014 నవంబరు 10 నుండి దీనిని కంప్యూటరు ద్వారా పంపు సౌకర్యము కలిగినది. కన్ను మసకబారిన వృద్ధ సైనికునకు ఆ యంత్రము కొత్త. ఎనిమిదవ తరగతి చదువు బాలికకు అది కొత్త కాదు. ఆమె అతని ప్రక్కన కూర్చుండి, ప్రతి కాగితములోని పేరును అక్షరమక్షరము సరిచూచి, తేదీలను ఒక పుస్తకమున వరుసగా వ్రాసిపెట్టినచో, అతని ఇంటికి పెద్ద మేలు చేసినదగును. దేశము కొఱకు నిదుర మాని కావలి కాచినవాని కాగితములను ఒక సాయంకాలము కాచుట ఎవరికైనను సాధ్యమైన పని.