తీగ రూపమే దాని శక్తి

విద్యుత్తు మన నిత్యజీవితంలో ఎంతగా కలిసిపోయిందంటే, దానిని మోసుకొని వచ్చే తీగవైపు మనం తలెత్తి చూడడమే అరుదు. చూసినా అది రాగిదా, అల్యూమినియందా అని అడుగుతామే గాని, దాని ఆకారాన్ని గురించి ఆలోచించము. లోహం ఎంత ముఖ్యమో దానికి ఇచ్చిన రూపమూ అంతే ముఖ్యమని గ్రహించడానికి బిలాస్‌పూర్ జిల్లాలోని మస్తూరీ ప్రాంతం చక్కని పాఠశాల. ఒకవైపు జైరామ్‌నగర్ మీదుగా సాగే హౌరా–ముంబయి రైలుమార్గం. మరొకవైపు సీపత్‌లోని 2,980 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రం. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో తరతరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాలకు ఈ రెండూ చిరపరిచితాలే.

ఒక సందేహం కలగవచ్చు. మధ్యచ్ఛేద వైశాల్యం సమానంగా ఉంటే తీగ గుండ్రంగా ఉన్నా, బల్లపరుపుగా ఉన్నా నిరోధం ఒకటే కదా? ఏకముఖ విద్యుత్తు విషయంలో అది నిజమే. అయితే తీగ చేయవలసిన పని కేవలం విద్యుత్తును మోయడం కాదు. తన బరువును తానే భరించాలి, గాలికి తట్టుకోవాలి, కొన్నిచోట్ల రాపిడికి కూడా ఓర్చాలి.

ముందుగా రైలుమార్గాన్ని గమనిద్దాం. పట్టాలపైన 25 కిలోవోల్టుల వద్ద రెండు తీగలు కనిపిస్తాయి. పైనున్న కేటినరీ తీగ వైశాల్యం 65 చదరపు మిల్లీమీటర్లు. కాడ్మియం కలిపిన రాగి పోగులు పందొమ్మిదింటిని పేని దీనిని తయారుచేస్తారు. అందువల్ల అది బిగువుకు నిలుస్తూనే సులభంగా వంగుతుంది. క్రింది కాంటాక్టు తీగ మాత్రం 107 చదరపు మిల్లీమీటర్ల ఘనమైన రాగి. ఇంజనుమీది పాంటోగ్రాఫు దీనిని రాసుకుంటూ పోవాలి; పేనిన తీగ అయితే గరుకు ఉపరితలం పాంటోగ్రాఫు పట్టీని కోసివేస్తుంది, తెగిన పోగు చిక్కుకుంటుంది. ఈ ఘనతీగకు పైభాగంలో ఇరుప్రక్కలా రెండు గాడులుంటాయి. క్లిప్పులు ఆ గాడులనే పట్టుకొంటాయి కావున అడుగుభాగం నున్నగా, నిరాటంకంగా ఉంటుంది. ఏళ్ల రాపిడికి ఆ అడుగు చదునై తీగ పలుచబడుతుంది. అందుకే సిబ్బంది దాని మందాన్ని కొలుస్తూ, పరిమితికి తగ్గకముందే మార్చివేస్తారు.

ఇక సీపత్ వైపు చూద్దాం. ఇక్కడినుండి మధ్యప్రదేశ్‌లోని సివనీకి వెళ్లే మార్గం 2007లో 765 కిలోవోల్టుల వద్ద పనిచేయసాగింది. మనదేశంలో ఆ వోల్టేజి వద్ద నడిచిన తొలి మార్గమిదే. ప్రతి ఫేజుకూ ఒకే లావుపాటి తీగకు బదులు, సుమారు 35 మిల్లీమీటర్ల వ్యాసంగల నాలుగు తీగలను చతురస్రంగా అమర్చారు. దీనికి కారణమేమి? తీగ సన్నగా ఉన్నకొద్దీ దాని ఉపరితలంవద్ద విద్యుత్‌క్షేత్రం తీవ్రమవుతుంది. అది సెంటీమీటరుకు సుమారు 30 కిలోవోల్టులు దాటితే చుట్టూ ఉన్న గాలి తన నిరోధకగుణాన్ని కోల్పోతుంది. దీనినే కరోనా అంటారు. తడిరాత్రులలో వినవచ్చే బుసబుస శబ్దం, లేత ఊదారంగు వెలుగు దాని లక్షణాలే. ఆ మేరకు శక్తి వృథా. నాలుగు తీగలు దూరదూరంగా నిలిచి ఒక పెద్ద తీగవలె ప్రవర్తిస్తాయి, క్షేత్రతీవ్రతను తగ్గిస్తాయి.

మరొక విశేషం: ఏకాంతర విద్యుత్తు తీగ అంచులవైపే ఎక్కువగా ప్రవహిస్తుంది. 50 హెర్ట్జుల వద్ద అల్యూమినియంలో ఈ లోతు సుమారు 12 మిల్లీమీటర్లు. కావున నడుమ ఉక్కుపోగులను ఉంచి బలం సమకూర్చినా ప్రవాహానికి పెద్దగా నష్టముండదు. స్విచ్‌యార్డులలో బోలు అల్యూమినియం గొట్టాలను వాడడంలోని మర్మమూ ఇదే.

ఈ శాస్త్రం మన ఇంటి గోడదాకా వస్తుంది. స్విచ్చు రంధ్రంలో పట్టడంలేదని ఏడు పోగులలో రెండింటిని కత్తిరించి బిగించేవారున్నారు. ఆ మెడవద్ద నిరోధం ఐదింట రెండువంతులు పెరుగుతుంది. పట్టు వదులైతే వేడి ఇంకా ఎక్కువ. గీజరు, ఏసీ వంటి భారం పడినప్పుడు తొడుగు కరగి నిప్పంటుకొనే ప్రమాదముంది. కావున ఇంట్లో మరమ్మతు జరిగేటప్పుడు పోగులన్నీ పేని, ఒక్కటీ విడువక బిగించారో లేదో గృహిణులు సైతం అడిగి తెలుసుకోవాలి. సరిపోని చోట తగిన లగ్గును వాడమని కోరాలి. మహామార్గంలో ఇంజనీరు పాటించే నియమాన్ని మన గడపలోనూ పాటించడమే నిజమైన భద్రత.