పాత కంప్యూటర్లకు పునర్జన్మ: కేరళ చూపిన బాట

యంత్రం చెడకపోయినా, దానిని నడిపే సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లితే కొత్త కంప్యూటర్ కొనక తప్పదా? 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతును ముగించడంతో మధ్యతరగతి కుటుంబాలకు, పాఠశాలలకు ఈ ప్రశ్న ఎదురైంది. పాత లాప్‌టాప్‌లలో అనేకం విండోస్ 11 షరతులకు సరితూగవు.

కేరళ ప్రభుత్వ పాఠశాలలు దీనికి ఏనాడో సమాధానం చూపాయి. 2001లో ఆరంభమైన ‘ఐటీ ఎట్ స్కూల్’ పథకం క్రమంగా లైనక్స్ ఆధారిత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్లింది. 2017లో ఆ పథకమే ‘కైట్’ అనే ప్రభుత్వ సంస్థగా రూపొందింది. ఈ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము లేదు. దాని మూల రచన అందరికీ అందుబాటులో ఉన్నందున మలయాళానికీ, పాఠ్యాంశాలకూ అనువుగా మలచుకోగలిగారు. జియోజీబ్రాతో రేఖాగణితం, జీకాంప్రీ ఆటలతో అంకెలు, అక్షరాలు నేర్చుకోవచ్చు. ఇటువంటి తేలికపాటి ఆటలకు ఖరీదైన యంత్రం అక్కరలేదు. 2018లో మొదలైన ‘లిటిల్ కైట్స్’ సంఘాలు విద్యార్థులకు హార్డ్‌వేర్, యానిమేషన్, సైబర్ భద్రతలలో శిక్షణనిస్తున్నాయి. తెలుగునాట ‘స్వేచ్ఛ’ సంస్థ లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చే కృషి చేసింది.

అయితే విండోస్ కోసమే రూపొందిన కొన్ని సాఫ్ట్‌వేర్లు, ఆటలు లైనక్స్‌పై పనిచేయకపోవచ్చు. కనుక ముఖ్యమైన ఫైళ్లను వేరుగా భద్రపరచి, ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, ముద్రణయంత్రం, వైఫై పనిచేస్తున్నదీ లేనిదీ పరీక్షించుకొన్న పిమ్మటే మారడం క్షేమకరం.

సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తే చాలదు. దానిని నేర్పే ఉపాధ్యాయునికి ముందుగా శిక్షణ కావాలి. కేరళ అనుభవం చెబుతున్న పాఠమిదే.