తిరిగి రాయగల డిస్కులు: రోజువారీ ఫైళ్ల నిల్వ

సీడీ-ఆర్‌డబ్ల్యూ, డీవీడీ-ఆర్‌డబ్ల్యూ అనే పేర్లు మీరు వినే ఉంటారు. వీటిపై రాసినదాన్ని చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. ఈ ఒక్క మాట విని చాలామంది వీటిని చిన్న హార్డ్‌డిస్కులని అనుకుంటారు. నా దగ్గర ప్రాజెక్టు చేసిన ఒక విద్యార్థి కూడా అలాగే అనుకున్నాడు. నాలుగు నెలలపాటు తన నివేదికను సీడీ-ఆర్‌డబ్ల్యూ మీదనే తెరిచి, దిద్ది, దాని మీదనే సేవ్ చేశాడు. సమర్పించవలసిన వారంలో డిస్కు తెరుచుకోలేదు. వేరే ప్రతి లేదు. డిస్కు నాసిరకమని అతను అన్నాడు. వాడిన పద్ధతిలోనే పొరపాటు ఉందని నా అభిప్రాయం. అది ఎందుకో తెలియాలంటే ముందు డిస్కు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

సీడీ-ఆర్‌డబ్ల్యూలో సమాచారాన్ని మోసేది ఒక పలుచని మిశ్రలోహపు పొర. అందులో వెండి, ఇండియం, యాంటిమొని, టెల్లూరియం ఉంటాయి. ఈ మిశ్రలోహం రెండు స్థితుల్లో ఉండగలదు. పంచదార పాకాన్ని గుర్తుతెచ్చుకోండి. ముదురు పాకాన్ని గబుక్కున చల్లారిస్తే గాజులా గడ్డకడుతుంది. పాకాన్ని నిదానంగా ఉండనిస్తే పటికబెల్లంలా స్ఫటికాలు కడుతుంది. పదార్థం ఒకటే, అమరిక వేరు. డిస్కులోనూ అంతే. లేజర్ కిరణం ఎక్కువ శక్తితో తాకినపుడు ఆ చుక్క కరిగి, వెంటనే చల్లారి, అస్ఫటిక స్థితిలో నిలిచిపోతుంది. అక్కడ కాంతి పరావర్తనం తక్కువ. మధ్యస్థ శక్తితో సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే అదే చుక్క తిరిగి స్ఫటిక స్థితికి వస్తుంది. చెరపడమంటే ఇదే. చదివేటపుడు వాడే లేజర్ శక్తి చాలా తక్కువ కాబట్టి ఏ మార్పూ జరగదు.

ఇలా కరిగి గట్టిపడడాన్ని పొర ఎంతకాలమైనా తట్టుకోలేదు. సీడీ-ఆర్‌డబ్ల్యూ, డీవీడీ-ఆర్‌డబ్ల్యూ, డీవీడీ+ఆర్‌డబ్ల్యూలలో ఒకే చోట సుమారు 1,000 సార్లు రాయవచ్చని చెబుతారు. డీవీడీ-ర్యామ్‌కు ఈ సంఖ్య సుమారు 1,00,000. అది రోజువారీ మార్పుల కోసమే రూపొందిన డిస్కు. కానీ దాన్ని రాయగల డ్రైవులు అన్నిచోట్లా ఉండవు.

వెయ్యి సార్లంటే చాలానే కదా అని మీకు అనిపించవచ్చు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. హార్డ్‌డిస్కులా వాడడానికి డిస్కును ఫార్మాట్ చేసినపుడు ప్యాకెట్ రైటింగ్ అనే పద్ధతి అమల్లోకి వస్తుంది. ఇందులో సమాచారం 64 కిలోబైట్ల ప్యాకెట్లుగా రాయబడుతుంది. మీరు ఒక్క అక్షరం దిద్దినా కనీసం ఒక ప్యాకెట్‌ను మొత్తంగా తిరగరాయాలి. ప్యాకెట్ల మధ్య అతుకులకూ చోటు కావాలి. అందుకే 650 మెగాబైట్ల డిస్కులో వాడుకకు మిగిలేది సుమారు 530 మెగాబైట్లే. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ప్రతి మార్పుకూ సవరించబడుతుంది. ఆ పట్టిక చాలావరకు ఒకేచోట ఉంటుంది. రోజుకు 20 సార్లు సేవ్ చేస్తే, ప్రతిసారీ అదే చోట రాసినట్లయితే, 50 రోజులకే లెక్క 1,000కి చేరుతుంది. సాఫ్ట్‌వేర్ కొన్ని మార్పులను కూడబెట్టి ఒకేసారి రాయడం, చెడిన చోటుకు బదులు వేరే చోటు కేటాయించడం వంటి ఏర్పాట్లు ఈ గడువును పొడిగిస్తాయి, అంతే. మీ ఫైలు చెక్కుచెదరకుండా ఉన్నా, దాని దారి చెప్పే పట్టిక పోతే డిస్కు ఖాళీగానే కనిపిస్తుంది.

అందువల్ల పని హార్డ్‌డిస్కు మీద చేయండి. డిస్కును ప్రతి దాచుకోవడానికే వాడండి. విండోస్ 7లో ఖాళీ డిస్కు పెట్టినపుడు రెండు ఎంపికలు కనిపిస్తాయి: యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్‌లా వాడడం ఒకటి, సీడీ లేదా డీవీడీ ప్లేయర్‌తో వాడడం రెండోది. మొదటిది సౌకర్యంగా ఉంటుంది కానీ పైన చెప్పిన చిక్కులన్నీ దానివే. డిస్కును బయటికి తీసేముందు ఎజెక్ట్ ఆదేశం ఇవ్వకపోయినా, మధ్యలో కరెంటు పోయినా పట్టిక సగంలో ఆగిపోయే ప్రమాదమూ ఉంది. నేను రెండోదాన్నే సూచిస్తాను.

రెండు డిస్కులు తీసుకుని 'క', 'ఖ' అని పేర్లు పెట్టండి. ఒక వారం 'క'ను చెరిపి రాయండి, మరుసటి వారం 'ఖ'ను. రాస్తుండగా ఒకటి చెడినా పోయిన వారం ప్రతి రెండోదానిలో భద్రంగా ఉంటుంది. ఈ లెక్కన ఒక్కో డిస్కు మీద ఏడాదికి 26 సార్లే రాస్తారు. వెయ్యి గురించి ఇక బెంగ అక్కరలేదు. రాసిన తర్వాత వేరే కంప్యూటర్‌లో ఒక ఫైలైనా తెరిచి చూడండి. మామూలు సీడీతో పోలిస్తే సీడీ-ఆర్‌డబ్ల్యూ పరావర్తనం చాలా తక్కువ, 15 నుంచి 25 శాతమే. కొన్ని పాత డ్రైవులు దాన్ని చదవలేవు. సమర్పించే తుది ప్రతికి మాత్రం చెరపడానికి వీలులేని సీడీ-ఆర్ మేలు.

డిస్కును ఇతరులకు ఇచ్చేటపుడు పూర్తిగా చెరపండి. త్వరిత చెరుపులో విషయసూచిక వంటి భాగమే పోతుంది, ఫైళ్ల సమాచారం అలాగే ఉంటుంది. పూర్తి చెరుపుకు 4ఎక్స్ వేగంలో సుమారు 20 నిమిషాలు పడుతుంది. పేరు రాయడానికి బాల్‌పెన్ వాడకండి. సీడీలో లోహపు పొర పేరు రాసే వైపునే, పలుచని లక్క పూత కింద ఉంటుంది. కింది వైపు గీత కన్నా పై వైపు గీతే ప్రమాదకరం. మెత్తని మొన ఉన్న మార్కర్‌తో, 'క' అనో 'ఖ' అనో రాసి తేదీ వేయండి.