నీటిని గాచు నియామకములు: ఏది యెచట దగును?

చెఱువు నిండు రాత్రి నీరటి యేమి చేయును? మట్టము జూచి తూము తలుపెత్తును; మరల జూచి దింపును. ఫలితమును గనిపెట్టి క్రియను దిద్దుకొను నీ పనియే స్వయంనియామక యంత్రముల కెల్ల మూలము. అయితే దిద్దుకొను రీతు లనేకములు. ఏది యెచట దగునో యెఱుగక పెట్టినచో కట్టకు గాని పైరునకు గాని చేటు తప్పదు.

వనపర్తి సీమలో శంకరంపేట కడ నున్న సరళాసాగరమును మీలో ననేకులు చూచియే యుందురు. రాజా రామేశ్వరరావుగారు తమ తల్లి పేర దలపెట్టిన యీ జలాశయము 1959లో ప్రారంభమైనది. దీని యలుగున నెత్తవలసిన తలుపులు లేవు, సైఫనులు గలవు. నీరు లోపలి గట్టు దాటి, గొట్టములోని గాలిని వెడలగొట్టగనే ధార నిండుగా బాఱును. మట్టము దిగి గాలి మరల లోనికి జొరబడినప్పుడే యాగును. పట్టు మట్టమునకును విడుచు మట్టమునకును నడుమ నెడమున్నది. అది లోపము గాదు. లేనిచో నల తగిలిన ప్రతిసారియు సైఫను పట్టుచు విడుచుచు నుండెడిది. వదలుట, మానుట యను రెండే మాటలెఱిగిన కావలి యిది. కరెంటు వలదు, మనిషి వలదు. అర్ధరాత్రి వఱదకు నిట్టిదియే మేలని నా తలంపు. కాని కొంచెము వదలు మనిన వదలలేదు. పట్టినచో నిండుధారయే; వాగు దిగువ పొలములవారికి నా సంగతి వేఱుగ జెప్పనక్కఱ లేదు.

2019 డిసెంబరు 31న దీని కట్ట తెగినది; పిదప మరల గట్టిరి. సైఫను చూచునది నీటిమట్టమును మాత్రమే. కట్ట లోపలి యూట దాని కగపడదు.

ఇక గద్వాలకు జేరువ కృష్ణపై నున్న జూరాల. అచటి విద్యుత్కేంద్రమున 39 మెగావాట్ల యంత్రము లాఱు గలవు. వాడకము క్షణక్షణము మాఱుచుండ, సెకనునకు 50 ఆవృత్తుల లెక్క తప్పకుండవలెను. తేడా యెంతయో దిద్దుబాటు నంత యనునది మొదటి రీతి. త్వరగా బనిచేయును గాని కొంత తేడా మిగిలిపోవును. తేడా సున్నయైనచో దిద్దుబాటును సున్నయగును గదా! అనేక కేంద్రములు భారము పంచుకొనుచోట నా మిగులే యుపకరించును. తీఱని బాకీని దినదినము కూడి చూచునట్లు, మిగిలిన తేడాను పోగుచేసి దిద్దునది రెండవది. మోతాదు మించిన నిది యూగులాటకు దింపును. తేడా పెరుగు వేగమును జూచి ముందే యణచునది మూడవది; అలలాడు మట్టమున నది ప్రతి యలకును బెదరును.

నీటి యంత్రమున మఱియొక చిక్కు గలదు. ద్వారము తెఱచినంతనే శక్తి క్షణకాలము తగ్గి, పిమ్మట పెరుగును. త్రోవలోని నీరు వేగమందుకొనుటకు గొంత వ్యవధి కావలెను. తొందరపాటు నియామకము శక్తి తగ్గెనని యింకను తెఱచి, తుదకు మితిమీరును. అందుచే మొదటి రెండు రీతులను గలిపి, నెమ్మదిగా నడపుదురు.

గేట్ల సంగతి వేఱు. ఎగువ నారాయణపురమున వదలిన నీరు జూరాల చేరుటకు జాలసేపు పట్టును. మట్టము పెరిగిన పిదప మేల్కొనుట యాలస్యమే. అచట నే యంత్రముకన్నను ఎగువనుండి వచ్చు వార్త ముఖ్యము. దానిని విని జలాశయము నిండకమున్నే కొన్ని గేట్లెత్తి చోటు చేయుదురు.